పేరు నుంచి అంకెకు, అంకె నుంచి పేరుకు: వాహన నంబరు ఫలకంపై యజమాని హక్కు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మోటారు వాహనానికి బిగించిన నంబరు ఫలకం ప్రభుత్వం జారీచేసే గుర్తింపు. అయినా దానిపై తన ఇష్టానికి తగిన అక్షరాన్నో అంకెనో చూసుకోవాలనే కోరిక వాహన యజమానులలో తొలినుంచీ ఉంది. అమెరికాలో ఇది పేరు ఫలకంగా, బ్రిటన్‌లో ఎంపిక చేసుకున్న రిజిస్ట్రేషన్ గుర్తుగా, తెలుగు రాష్ట్రాలలో ఫ్యాన్సీ నంబరుగా రూపుదాల్చింది. తొలినాటి ఫలకాలమీద యజమాని పేరు చట్టం విధించిన బాధ్యతగా ఉండేది. తరువాత దాని స్థానంలోకి అంకె వచ్చింది. కొన్ని దశాబ్దాలకు అదే పేరు రుసుము చెల్లించి పొందే ప్రత్యేకతగా తిరిగి వచ్చింది. ఈ పరిణామాన్ని వివరించి, భారతదేశంలో అక్షరం రాజ్యానికి, అంకె యజమానికి ఎలా విభజితమైందో, ఆ విభజన తెలుగు నేలమీద ఎలాంటి ఫలితాలనిచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నంబరు ఫలకం, మోటారు వాహనాల చట్టం, ఫ్యాన్సీ నంబరు, వేలం, రాష్ట్ర కోడ్, తెలంగాణ ఉద్యమం, భూతసంఖ్యలు.

1. ప్రవేశిక

చరిత్ర రచనకు ఆధారాలుగా శాసనాలను, తామ్రపత్రాలను, నాణేలను, ముద్రలను పరిశీలించే సంప్రదాయం మనకు ఉంది. వీటన్నింటిలో ఒక సమాన లక్షణం కనిపిస్తుంది. అధికారం తన గుర్తును ఒక వస్తువుపై చెక్కి, ఆ వస్తువును ప్రజల మధ్యకు పంపుతుంది. ఆధునిక కాలంలో ఈ లక్షణం ఉన్న వస్తువులలో నంబరు ఫలకం ఒకటి. ప్రతి రోడ్డుమీద, ప్రతి ఇంటి ముందు కనిపించే ఈ చిన్న ఫలకాన్ని మనం చదువుతాం కాని, ఆధారంగా స్వీకరించం.

ఈ ఫలకంమీద రెండు పక్షాలకు ప్రయోజనం ఉంది. ప్రమాదం జరిగినప్పుడు, పన్ను ఎగవేసినప్పుడు, నేరం జరిగినప్పుడు వాహనాన్ని గుర్తించడానికి ప్రభుత్వానికి ఇది అవసరం. ఆ పనికి ఏ అంకె అయినా సరిపోతుంది. యజమానికి మాత్రం అన్ని అంకెలూ ఒకటి కావు. పుట్టినరోజు, కలిసివచ్చే సంఖ్య, పాత బండి నంబరు, వీధిలో నలుగురూ తిరిగి చూసే వరుస అంకెలు – వీటిలో ఏదో ఒకటి తన బండికి ఉండాలని అతడు ఆశిస్తాడు. గుర్తింపు కోసం పుట్టిన ఫలకం ఈ విధంగా గౌరవ చిహ్నంగా మారింది.

ఫ్యాన్సీ నంబర్ల గురించి పత్రికలలో వచ్చే వార్తలు సాధారణంగా వేలంలో పలికిన ధర దగ్గర ఆగిపోతాయి. ఆ ధర వెనుక ఉన్న అసలు ప్రశ్న వేరు. ప్రభుత్వం ఇచ్చే గుర్తింపులో పౌరుడికి ఎంత వాటా ఉంది? ఆ వాటాను అతడు కొనుక్కోవాలా, కోరి పొందాలా, పోరాడి సాధించుకోవాలా? ఈ ప్రశ్నకు నంబరు ఫలకం చరిత్ర ఇచ్చే సమాధానాలను కాలక్రమంలో పరిశీలిద్దాం.

2. పేరుతో మొదలైన ఫలకం

మోటారు వాహనానికి గుర్తింపు ఫలకం ఉండాలని ఆదేశించిన తొలి నిబంధనగా 1893 ఆగస్టు 14న పారిస్ పోలీసు యంత్రాంగం జారీచేసిన ఉత్తర్వును చరిత్రకారులు పేర్కొంటారు. యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య – ఈ మూడూ లోహపు ఫలకంమీద స్పష్టంగా ఉండాలని, దానిని ఎప్పుడూ కప్పి ఉంచరాదని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. అంటే ఫలకంపై పేరు మొదట గొప్ప కోసం రాలేదు. ఆ బండి వల్ల హాని జరిగితే ఎవరిని అడగాలో తెలియడానికి వచ్చింది.

అమెరికాలో ఈ మార్గాన్ని మొదట అనుసరించిన రాష్ట్రం న్యూయార్క్. 1901 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం వాహన యజమాని తన పేరులోని పొడి అక్షరాలను బండి వెనుక ప్రదర్శించాలి. ఫలకాన్ని ప్రభుత్వం ఇచ్చేది కాదు, యజమానే తయారుచేయించుకోవాలి. తోలుమీద, చెక్కమీద, లోహంమీద ఎవరికి తోచిన తీరున వారు అక్షరాలు బిగించుకున్నారు. బండ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ పద్ధతిలోని లోపం బయటపడింది. ఒకే పొడి అక్షరాలు గల వ్యక్తులు ఎందరో ఉంటారు. రెండేళ్లలోనే న్యూయార్క్ అక్షరాలను వదిలి అంకెలకు మారింది. 1903లో మసాచుసెట్స్ రాష్ట్రం ఫలకాలను తానే తయారుచేసి ఇవ్వడం ప్రారంభించింది. ఆ తరువాత ఫలకం రూపం, పరిమాణం, రాత అన్నీ క్రమంగా ప్రభుత్వ నిర్ణయాలయ్యాయి.

బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కార్ల చట్టం 1904 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రతి స్థానిక అధికార మండలికి ఒక అక్షర సంకేతం, దాని తరువాత వరుస సంఖ్య అనే విధానాన్ని అది నెలకొల్పింది. లండన్‌కు దక్కిన సంకేతం 'ఏ'. ఆ వరుసలోని మొదటి నంబరు 'ఏ 1' తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ అన్నగారైన ఎర్ల్ రస్సెల్‌కు దక్కింది. దానికోసం ఆయన రాత్రంతా వరుసలో నిరీక్షించారని ప్రచారంలో ఉంది. ఈ కథనంలోని నిజానిజాలు ఎలా ఉన్నా, నంబరు విధానం మొదలైన రోజునే ఆ అంకెలలో ఒకదానికి మిగిలినవాటికంటె ఎక్కువ విలువ ఏర్పడిందన్నది స్పష్టం. పౌరులందరినీ సమానంగా చూడడానికి వచ్చిన వరుసక్రమమే మొదటివాడు, తక్కినవారు అనే భేదాన్ని సృష్టించింది.

3. అక్షరం తిరిగి వచ్చిన తీరు

చట్టం తొలగించిన పేరు దాదాపు మూడు దశాబ్దాల తరువాత అమెరికా ఫలకాలమీద మళ్ళీ కనిపించింది. 1931లో పెన్సిల్వేనియా యజమానుల పొడి అక్షరాలను ఫలకంపై అనుమతించింది. 1937లో కనెక్టికట్ ఈ అవకాశాన్ని మచ్చలేని డ్రైవింగ్ చరిత్ర గలవారికి ఇచ్చింది. ఇక్కడ ఒక సూక్ష్మమైన మార్పును గమనించాలి. 1901లో పేరు అందరిమీదా మోపిన బాధ్యత. 1937లో అది కొందరికి దక్కే బహుమానం.

ఈ బహుమానం త్వరలోనే ఆదాయ మార్గమైంది. కాలిఫోర్నియా 1970లో ప్రారంభించిన పథకంలో రుసుము చెల్లించినవారు తమకు నచ్చిన అక్షరాల, అంకెల కూర్పును ఏడింటికి మించకుండా ఎంచుకోవచ్చు. ఆ రాబడి పర్యావరణ పరిరక్షణకు ఉద్దేశించిన నిధికి చేరుతుంది. అందుకే అక్కడ ఇలాంటి ఫలకాలకు 'పర్యావరణ ఫలకాలు' అన్న అధికారిక నామం ఏర్పడింది. దరఖాస్తుదారు తాను కోరిన కూర్పుకు అర్థమేమిటో కూడా వివరించాలి. అక్కడ స్థిరపడిన తెలుగువారు తమ బిడ్డ పేరునో ఊరి పేరునో కోరుకుంటే, దానిని రోమన్ లిపిలో కుదించి, దాని భావాన్ని ఆంగ్లంలో తెలిపి అనుమతి పొందవలసి ఉంటుంది.

అర్థం అడగడంలోనే చిక్కు ఉంది. అసభ్యమైన, అవమానకరమైన కూర్పులను నిరాకరించే అధికారం రాష్ట్రాలకు ఉంటే, ఫలకంమీద ఉన్న మాట ఎవరిది? యజమానిదా, ప్రభుత్వానిదా? ఈ ప్రశ్నపై అమెరికా న్యాయస్థానాలు భిన్నమైన తీర్పులిచ్చాయి. 2015లో ఇండియానా సుప్రీంకోర్టు పేరు ఫలకంమీది మాటను ప్రభుత్వ వాక్కుగా పరిగణించింది. 2016లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం దానిని వాహనదారుడి వాక్కుగానే గుర్తించింది. అయితే అసభ్య పదాన్ని నిరాకరించే అధికారం రాష్ట్రానికి ఉందని చెప్పింది. 2015లోనే అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్‌కు చెందిన వ్యాజ్యంలో, ఒక సంస్థ కోరిన ప్రత్యేక చిహ్నం గల ఫలకం ప్రభుత్వ వాక్కు కనుక దానిని నిరాకరించవచ్చని 5–4 ఆధిక్యంతో నిర్ణయించింది.

వీటన్నింటికంటె ముందుది, మన చర్చకు అత్యంత ఉపయోగకరమైనది 1977 నాటి 'వూలీ వర్సెస్ మేనార్డ్' తీర్పు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం తన ఫలకాలమీద స్వేచ్ఛను గురించిన ఒక నినాదాన్ని ముద్రించేది. తన విశ్వాసాలకు అది విరుద్ధమని ఒక వాహనదారుడు దానిని కప్పివేసి శిక్షకు గురయ్యాడు. రాజ్యం తన సందేశాన్ని మోయమని పౌరుణ్ణి బలవంతం చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. బండిని గుర్తించడానికి అంకెలూ అక్షరాలూ చాలునని, నినాదం అందుకు అవసరం లేదని కూడా వివరించింది. ఫలకంలో గుర్తింపుకు సంబంధించిన భాగం వేరు, సందేశానికి సంబంధించిన భాగం వేరు అన్న ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే, తెలుగు నేలమీద జరిగిన ఒక సంఘటనను సరిగా అంచనా వేయగలం. దానిని ఏడవ భాగంలో చర్చిస్తాను.

4. భారతీయ చట్టంలో అక్షరానికి, అంకెకు మధ్య విభజన

బ్రిటిష్ ఇండియాలో మోటారు వాహనాలపై తొలి అఖిల భారత చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1939 చట్టం ప్రతి రాష్ట్రానికి కొన్ని అక్షర సమూహాలను కేటాయించి, వాటి తరువాత నాలుగుకు మించని అంకెలతో సంఖ్య ఉండాలని నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 'ఏ'తో మొదలయ్యే మూడు అక్షరాలు, వాటి పక్కన నాలుగు అంకెలు గల పాత ఫలకాలు ఈ చట్టం నాటివే. 1988 చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1989 జూన్ 12న కేంద్రం జారీచేసిన ప్రకటన నేడు మనం చూస్తున్న రెండక్షరాల రాష్ట్ర కోడ్‌లను స్థిరపరచింది.

1988 చట్టంలోని 41వ సెక్షన్ ఆరవ ఉపవిభాగం ప్రకారం రాష్ట్రాన్ని సూచించే అక్షరాలను నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. ఆ గుర్తును వాహనానికి కేటాయించేది రాష్ట్రంలోని రిజిస్టరింగ్ అధికారి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 50వ నియమం ఫలకంమీది అక్షరాలు ఆంగ్లంలో, అంకెలు అరబిక్ సంఖ్యలలో ఉండాలని చెబుతుంది. 51వ నియమం అక్షరాల పరిమాణాన్ని, మందాన్ని, వాటి మధ్య ఎడాన్ని నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటులో యజమాని ఎంపికకు మిగిలింది చివరి నాలుగు అంకెలే. అమెరికా యజమాని తన పేరును ఫలకంమీద రాసుకోగలడు. భారతీయ యజమానికి ఆ వీలు లేదు. అతడు అంకెను మాత్రమే ఎంచుకోగలడు, అదీ ఆ రోజు తెరిచి ఉన్న వరుసలోనుంచి మాత్రమే.

ఫలకంలో చోటు దొరకని మాట మన దేశంలో బండిమీద వేరేచోట స్థిరపడింది. లారీ నుదుటిమీద ఇలవేల్పు పేరు, ఆటో వెనుక పిల్లల పేర్లు, 'అమ్మ దీవెన', దిష్టి తగలకుండా రాసిన చమత్కారాలు – ఇవన్నీ నంబరు ఫలకానికి అటూ ఇటూ యజమాని నిలబెట్టుకున్న సొంత ఫలకాలు. వాటికి రుసుము లేదు, వేలం లేదు, లిపి నియమం లేదు. తెలుగు లిపి బండిమీద బతికి ఉన్నది ముఖ్యంగా ఇక్కడే.

5. జిల్లా సంఖ్యలలో దాగిన చరిత్ర

1989 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర కోడ్ పక్కన రవాణా కార్యాలయాన్ని సూచించే రెండంకెలు చేరాయి. ఆదిలాబాద్ 01, అనంతపురం 02, చిత్తూరు 03, కడప 04, తూర్పు గోదావరి 05, గుంటూరు 07, హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ 09, కరీంనగర్ 15, కృష్ణా 16, కర్నూలు 21, నల్గొండ 24, నెల్లూరు 26, శ్రీకాకుళం 30, విశాఖపట్నం 31, వరంగల్ 36, పశ్చిమ గోదావరి 37. ఈ వరుసను పరిశీలిస్తే, కొద్దిపాటి మినహాయింపులతో, జిల్లాల పేర్లను ఆంగ్ల అకారాది క్రమంలో పేర్చి సంఖ్యలు ఇచ్చారని తెలుస్తుంది. తెలుగు వర్ణక్రమం పాటిస్తే కడప చిత్తూరు పక్కన ఉండదు. కంపెనీ కాలంనాటి ఆంగ్ల వర్ణక్రమంలో ఆ పేరు 'సి' అక్షరంతో మొదలయ్యేది కనుక అది చిత్తూరు పక్కన చేరింది. ఆ తరువాత పేరు రాసే తీరు మారింది, జిల్లా పేరే మారింది. ఫలకంమీది 04 మాత్రం పాత వర్ణక్రమానికి సాక్షిగా నిలిచింది.

ఈ సంఖ్యలు జనంలో ఊరి పేర్లకు మారుపేర్లయ్యాయి. 'అది 16 బండి' అంటే విజయవాడ వైపు నుంచి వచ్చిందని, '07' అంటే గుంటూరుదని దూరప్రాంతంలోనూ గుర్తించేవారు. యజమాని ఎంపిక చేసుకోకపోయినా ఈ రెండంకెలు అతడి ప్రాంతీయ గుర్తింపులో భాగమయ్యాయి.

2019లో ఆంధ్రప్రదేశ్ ఈ విధానాన్ని వదిలి రాష్ట్రమంతటికీ 39 అనే ఒకే సంఖ్యను ప్రవేశపెట్టింది. 2022 ఏప్రిల్‌లో అక్కడ జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగినప్పుడు ఫలకంపై ఆ మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే. తెలంగాణ ఇందుకు భిన్నంగా నడిచింది. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడు కొత్త జిల్లాలకు కొత్త సంఖ్యలు వచ్చాయి. ఒక రాష్ట్రంలో ఫలకంనుంచి ఊరు తొలగిపోగా, మరొక రాష్ట్రంలో ఊళ్ళు పెరిగాయి.

6. ఫ్యాన్సీ నంబరు: వేలం, న్యాయస్థానం, అర్థం

కోరుకున్న అంకె ఒకటే అయి, కోరేవారు పలువురైనప్పుడు దానిని పంచడానికి మూడు మార్గాలున్నాయి. ముందు వచ్చినవారికి ఇవ్వడం, అధికారి తన విచక్షణతో ఇవ్వడం, ఎక్కువ ధర పెట్టినవారికి ఇవ్వడం. తెలుగు రాష్ట్రాలు మూడవ మార్గాన్ని స్థిరపరచుకున్నాయి. అధిక గిరాకీ గల అంకెలకు నిర్ణీత రుసుములుంటాయి. 9999 వంటి వాటికి చాలాకాలం ఇది 50,000 రూపాయలు. ఒకే నంబరుకు ఒకరికి మించి దరఖాస్తులు వస్తే ఆ రుసుమును కనీస ధరగా తీసుకుని వేలం నిర్వహిస్తారు. గెలిచినవారు నిర్ణీత గడువులోగా బండిని ఆ నంబరుపై రిజిస్టరు చేయించుకోవాలి. లేకపోతే హక్కు పోతుంది. ఒకప్పుడు కార్యాలయంలో జరిగిన ఈ తతంగం తరువాత ఆన్‌లైన్‌లోకి మారింది. 2024 మే నెలలో ఖైరతాబాద్ కార్యాలయం నిర్వహించిన వేలంలో 9999 సంఖ్య పాతిక లక్షల రూపాయలకు పైగా పలికింది.

ఇతర దేశాలలోని ధరలతో పోల్చితే ఇది చిన్న మొత్తమే. హాంకాంగ్‌లో 1994లో '9' అనే ఏకాంకె 1.3 కోట్ల హాంకాంగ్ డాలర్లకు అమ్ముడైంది. అబూధాబీలో 2008లో '1' సంఖ్యకు 5.22 కోట్ల దిర్హములు, దుబాయ్‌లో 2023లో 'పీ 7'కు 5.5 కోట్ల దిర్హములు పలికాయి. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ 1989 నుంచి ఇలాంటి నంబర్లను అమ్ముతోంది. అక్కడ నంబరును ఒక బండి నుంచి మరొక బండికి మార్చుకోవచ్చు. అయితే బండి వయసును అసలు కంటె తక్కువగా చూపే నంబరును పెట్టరాదు.

ప్రభుత్వానికి ఇలా అంకెను అమ్మే అధికారం ఉందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ప్రత్యేక నంబర్లకు అదనపు రుసుము విధించే మధ్యప్రదేశ్ నియమాన్ని అక్కడి హైకోర్టు కొట్టివేసింది. 41వ సెక్షన్ అలాంటి అధికారాన్ని రాష్ట్రానికి ఇవ్వలేదన్నది ఆ నిర్ణయానికి మూలం. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ తీర్పును తోసిపుచ్చింది. నంబరును కేటాయించడం రాష్ట్రం పని కనుక, ప్రత్యేకమైన నంబరును ఎంచుకునే సౌకర్యానికి రుసుము వసూలు చేయడం కూడా దాని అధికార పరిధిలోదేనని స్పష్టం చేసింది. అంకెను ఇవ్వడం విధి, కోరిన అంకెను ఇవ్వడం సేవ అన్న భేదం ఈ తీర్పుతో స్థిరపడింది.

వేలం పద్ధతిలో ఒక న్యాయం ఉంది. సిఫార్సుకూ అధికారి అభిమానానికీ చోటు తగ్గుతుంది. రాబడి ఖజానాకు చేరుతుంది. అంకె మారినంత మాత్రాన ఎవరి ప్రయాణమూ ఆగదు. కనుక దీనిని కేవలం అసమానతగా కొట్టివేయలేం. కాని చారిత్రకంగా చూసినప్పుడు మరొక కోణం కనిపిస్తుంది. జిల్లాకొక వరుస ఉన్నప్పుడు ప్రతి జిల్లాకూ ఒక 9999 ఉండేది. చిన్న పట్టణంలోని వ్యాపారి దానిని నిర్ణీత రుసుముకే పొందగల అవకాశం ఉండేది. రాష్ట్రమంతటికీ ఒకే వరుస అయినప్పుడు ఆ వ్యాపారి మహానగరంలోని ధనికుడితో పోటీపడాలి. పరిపాలన సౌకర్యం కోసం చేసిన మార్పు గౌరవ చిహ్నాన్ని కూడా కేంద్రీకరించిందన్నమాట.

కొనేవారికి ఈ అంకెలలో కనిపించే అర్థమేమిటి? తొమ్మిది రావాలని అంకెలను కూడేవారు సంఖ్యాశాస్త్ర విశ్వాసులు. 786ను కోరేవారు అబ్జద్ లెక్క ప్రకారం 'బిస్మిల్లా' వాక్యానికి సమానమైన సంఖ్యగా దానిని భావిస్తారు. 8055ను ఆంగ్ల అక్షరాల ఆకారంలో 'బాస్' అని చదివేవారు అక్షరం నిషిద్ధమైనచోట అంకెతోనే అక్షరం పలికిస్తారు. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త కాదు. మన శాసనకర్తలు శకవర్షాలను భూతసంఖ్యలలో చెప్పేవారు. చంద్రుడు ఒకటి, నేత్రాలు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, రసాలు ఆరు. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చితే సంవత్సరం తెలుస్తుంది. కటపయాది పద్ధతిలో 'మేచకల్యాణి'లోని మ, చ వర్ణాలు 65వ మేళకర్తను, 'ధీరశంకరాభరణం'లోని ధ, ర వర్ణాలు 29వ మేళకర్తను సూచిస్తాయి. అక్కడ మాట అంకెను మోసింది. ఫ్యాన్సీ నంబరులో అంకె మాటను మోస్తోంది. విధానం తలకిందులైనా, సంఖ్యను చదివి భావాన్ని గ్రహించే అలవాటు ఒకటే.

7. అమ్మకానికి లేని రెండక్షరాలు

వేలంలో ఎంత పాడినా యజమానికి దక్కని భాగం ఫలకంలో ఒకటుంది. అది రాష్ట్రాన్ని సూచించే అక్షరాల జంట. ఇవి సాధారణంగా రాష్ట్రం పేరు మారినప్పుడే మారతాయి. ఉత్తరాంచల్ ఉత్తరాఖండ్ అయిన తరువాత 2007లో 'యూఏ' స్థానంలో 'యూకే' వచ్చింది. ఒరిస్సా ఒడిశా అయిన తరువాత 2012లో 'ఓఆర్' స్థానంలో 'ఓడీ' వచ్చింది. ఈ రెండు సందర్భాలలో మార్పు పైనుంచి కిందికి వచ్చింది. తెలంగాణలో అది కింది నుంచి మొదలైంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో అనేకులు తమ వాహనాలపై 'ఏపీ' అక్షరాలను తొలగించి, లేదా కప్పివేసి, 'టీజీ' అని రాసుకున్నారు. చట్టరీత్యా అది రిజిస్ట్రేషన్ గుర్తును మార్చడమే. కాని ఆ రాత వెనుక ఉన్న ఉద్దేశం గుర్తింపును దాచడం కాదు. అంకెలన్నీ యథాతథంగా ఉన్నాయి. మారింది రాజ్యం పేరు. న్యూహాంప్‌షైర్ వాహనదారుడు రాజ్యం నినాదాన్ని కప్పి తన అంతరాత్మను కాపాడుకోవాలనుకున్నాడు. ఇక్కడి ఉద్యమకారులు ఉన్న రాజ్యం పేరును కప్పి రాబోయే రాజ్యం పేరును రాశారు. ఒకరిది నిరాకరణ, మరొకరిది ప్రతిపాదన. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. అక్కడి నినాదం గుర్తింపుకు అనవసరమని కోర్టు చెప్పగలిగింది. ఇక్కడి రెండక్షరాలు గుర్తింపులో విడదీయరాని భాగం. వాటిని రాజకీయ సందేశంగా చదవవచ్చని చట్టం ఊహించలేదు, ఉద్యమం చదివి చూపింది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు అధికారికంగా ఎంపికైన కోడ్ 'టీఎస్'. జనం బండ్లమీద రాసుకున్న అక్షరాలు ఇవి కావు. దశాబ్దం తరువాత ఎన్నికైన కొత్త ప్రభుత్వం, ఉద్యమకాలంలో ప్రజలు రాసుకున్నది 'టీజీ' అనే కారణం చెబుతూ మార్పును కోరింది. కేంద్రం 2024 మార్చి 12న ప్రకటన జారీచేయగా, మార్చి 15 నుంచి కొత్త వాహనాలకు 'టీజీ' కోడ్‌తో రిజిస్ట్రేషన్లు ప్రారంభమయ్యాయి. సాంకేతికంగా ఇది 1989 నాటి పట్టికలో జరిగిన సవరణ. చారిత్రకంగా మాత్రం, ఒకప్పుడు నేరంగా పరిగణించదగిన రాతకు లభించిన అధికారిక ఆమోదం.

ఈ మార్పును విమర్శించినవారూ ఉన్నారు. అక్షరం మారితే బతుకు మారుతుందా, అధికార పత్రాలన్నింటిలో మార్పుకయ్యే ఖర్చు ఎందుకు అన్న వారి ప్రశ్నలను తేలికగా తీసుకోలేం. 'టీఎస్' కూడా పదేళ్ల పాటు కొత్త రాష్ట్ర జీవితాన్ని మోసిన గుర్తు. అక్షరాల ఎంపికలో పాలకపక్షాల పోటీ లేదనీ చెప్పలేం. అయినా ఒక అంశం మిగులుతుంది. ఆ రెండక్షరాలు ఏ వేలంలోనూ దొరకవు. వాటి విలువను నిర్ణయించింది ఒక సామూహిక జ్ఞాపకం.

పాత వాహనాలు తమ పాత నంబర్లతోనే కొనసాగుతున్నందున నేడు హైదరాబాద్ రోడ్డుమీద ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ పక్కపక్కన నిలుస్తాయి. మూడింటిలో ఖైరతాబాద్‌ను సూచించే 09 మారలేదు. రాష్ట్రం పేరు మారినా కార్యాలయపు అంకె నిలిచింది. శాసనంమీద పొరలుగా చెక్కిన రాజవంశాల బిరుదులను చదివినట్టు ఈ మూడు ఫలకాలను కలిపి చదివితే మూడున్నర దశాబ్దాల రాజకీయ చరిత్ర బోధపడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 2021 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చిన 'బీహెచ్' వరుస. తరచు బదిలీ అయ్యే ఉద్యోగుల సౌకర్యార్థం వచ్చిన ఈ ఫలకంలో రాష్ట్రమూ లేదు, జిల్లా కూడా లేదు. రిజిస్ట్రేషన్ సంవత్సరం, దేశాన్ని సూచించే రెండక్షరాలు, కంప్యూటరు కేటాయించే అంకెలు, అక్షరాలు మాత్రమే ఉంటాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ఫలకం కూడా ఇదే దిశలో సాగింది. అక్షరాలను చెరపడం, పైన మరొకటి అతికించడం ఇక సులభం కాదు. 'టీజీ' రాత వంటి ఘట్టం నేటి ఫలకంమీద పునరావృతం కావడం కష్టం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ఫలకంమీద యజమాని పేరు తొలుత చట్టం విధించిన బాధ్యత. అంకెలు దాని స్థానాన్ని ఆక్రమించిన తరువాతే పేరు కోరదగిన ప్రత్యేకతగా మారింది.

• అమెరికాలో అక్షరాన్ని యజమానికి ఇవ్వడం వల్ల ఆ మాట ఎవరిదన్న వాక్‌స్వాతంత్ర్య వివాదాలు తలెత్తాయి. భారతదేశంలో అక్షరాన్ని రాజ్యమే ఉంచుకోవడం వల్ల ఎంపిక అంకెలకు పరిమితమై, వివాదం రుసుము చుట్టూ తిరిగింది.

• తెలుగు రాష్ట్రాలలో అంకెలు వేలం ద్వారా వ్యక్తులకు చేరాయి. రాష్ట్ర కోడ్‌లోని అక్షరాలు ఉద్యమ జ్ఞాపకం ద్వారా సమాజానికి చేరాయి. ఫలకంపై పౌరుడికి దక్కే వాటా డబ్బుతో మాత్రమే నిర్ణయం కాదని ఈ రెండవ ఉదాహరణ తెలియజేస్తుంది.

• జిల్లా సంఖ్యలలో వలసకాలపు వర్ణక్రమం, పరిపాలనా విభజనలు, వాటి రద్దు నమోదై ఉన్నాయి. స్థానిక చరిత్రకు ఇవి ఉపయోగపడే ఆధారాలు.

రవాణా కార్యాలయాలలోని పాత రిజిస్టర్లు, 1989కి ముందునాటి ఫలకాలు, ఉద్యమకాలపు వాహనాల ఛాయాచిత్రాలు ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే వాటిని సేకరించి భద్రపరచవలసిన అవసరం ఉంది. బండి తుక్కు అయినప్పుడు ఫలకం కూడా తుక్కుతోనే పోతుంది. 'ఏపీ'ని కప్పి చేత్తో 'టీజీ' అని రాసిన ఫలకం ఒక్కటైనా ప్రదర్శనశాలకు చేరితే, రాజ్యం ఇచ్చిన గుర్తింపును ప్రజలు ఎలా చదివారో, ఎలా తిరగరాశారో తరువాతి తరం పరిశోధకులు కళ్ళారా చూడగలుగుతారు.